యాసిడ్ మందుల్లో తేడా పట్టుకోవడం ఎలా? నీరసం ఎక్కడ మొదలైందో అడగండి

హోమియో మందుల లక్షణాలు రాసిన పుస్తకం, మెటీరియా మెడికా తీసి యాసిడ్ ఫాస్ (ఫాస్ఫారిక్ యాసిడ్ నుంచి చేసే మందు) చదివితే నీరసం. పేజీ తిప్పి మ్యూర్ (మ్యూరియాటిక్, అంటే హైడ్రోక్లోరిక్) యాసిడ్‌కి వెళ్తే అక్కడా నీరసమే. సల్ఫ్ (సల్ఫ్యూరిక్) యాసిడ్‌లో వణుకుతో కూడిన నీరసం, పిక్రిక్‌లో మెదడు నీరసం. రెండు రోజులు పోయాక ఏది ఎందులో చదివామో అంతా కలగాపులగం అయిపోతుంది. హోమియో డిగ్రీ బీహెచ్ఎంఎస్ చదివే పిల్లలకీ, ఇంట్లో హోమియో పెట్టె పెట్టుకుని సొంతంగా చదువుకునే పెద్దవాళ్ళకీ ఇదే తలనొప్పి. ఒక్కో మందునీ విడివిడిగా బట్టీ పట్టడం వల్ల వచ్చే చిక్కు ఇది. ముందు ఈ యాసిడ్ మందుల కుటుంబం మొత్తానికి ఉన్న పోలిక చూసుకుని, ఆ తర్వాత ఒక్క ప్రశ్న పట్టుకుని లోపలికి వెళ్తే చాలావరకు విడిపోతాయి. ఆ ప్రశ్న ఏమిటంటే, ఈ మనిషి నీరసం మొదట ఎక్కడ మొదలైంది, మనసులోనా ఒంట్లోనా?

మొదలుపెట్టే ముందు ఒక మాట సూటిగా చెప్పేస్తాను. కింద రాసేవన్నీ హోమియో గ్రంథాల్లో ఉన్న లక్షణాలు, ల్యాబ్‌లో తేలిన సంగతులు కావు. 30సి అనే పొటెన్సీ (మందుని పలచన చేసిన స్థాయి) అంటే 1 పక్కన 60 సున్నాలు పెట్టినంత పలచన, 12సి దాటేసరికే సీసాలో మూలపదార్థం ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల సమీక్షలు పరిశీలించి, హోమియో ఫలానా జబ్బుకి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని తేల్చింది. ఆ వాదన తెంచడం నా పని కాదు గానీ, ఇక్కడ చదివింది చూసి టైఫాయిడ్‌కో షుగర్‌కో రక్తస్రావానికో డాక్టరు ఇచ్చిన మందు ఆపెయ్యొద్దు. ఇది చదువుకోవడానికీ, కేసు అర్థం చేసుకోవడానికీ రాసింది.

మొదటి మెట్టు: ఇది యాసిడ్ కేసేనా అని చూడండి

నీరసం అనగానే యాసిడ్ వైపు పరిగెత్తకండి. నీరసం లేని మందు మెటీరియా మెడికాలో వెతికినా దొరకదు. యాసిడ్ నీరసానికి ఒక ప్రత్యేకత ఉంటుంది. కనిపించే జబ్బుకీ, మనిషి పడిపోయిన తీరుకీ పొంతన ఉండదు. జ్వరం తగ్గిపోయి వారమైనా లేవలేడు, దుఃఖం వచ్చి నెలలు గడిచినా తేరుకోడు. లోపల సత్తువ అంతా ఎవరో తోడేసినట్టు ఉంటాడు. దానికి తోడు ఇంకొన్ని గుర్తులు కలుస్తాయి. శరీరం నుంచి వచ్చే స్రావాలు కోసేసేలా ఘాటుగా ఉంటాయి, అవి తగిలినచోట చర్మం ఎర్రబడి ఒరిసిపోతుంది. మంట ఉంటుంది. రక్తం పోయే తత్వం, మానని పుండ్లు, నోటిపూత, పులిసిన వాసన లేదా పుల్లటి తేన్పులు, సన్నబడిపోవడం, ఎక్కువమందికి చలి పడకపోవడం. మానసికంగా చూస్తే మొదట్లో చిరచిరలాడతారు, జబ్బు ముదిరేకొద్దీ దేనిమీదా ఆసక్తి లేకుండా పోతారు.

ఇవన్నీ ఒకే మనిషిలో కనిపించాలని లేదు. నీరసం ఖాయంగా ఉండి, మిగతావాటిలో రెండో మూడో గట్టిగా ఉంటే అప్పుడు యాసిడ్ల పేజీలు తెరవండి.

ఇక్కడే పక్క మందులతో పొరపాటు పడతారు. ఆర్సెనిక్ మనిషి (అంటే ఆ మందు లక్షణాలు ఉన్న రోగి) కూడా పడిపోతాడు కానీ ఒకచోట ఉండడు, భయంతో మంచం మీద అటూ ఇటూ దొర్లుతాడు, మంచం మారుస్తానంటాడు. కార్బో వెజ్ మనిషి ఒళ్ళు చల్లబడి కూడా విసనకర్ర దగ్గరగా ఊపమంటాడు. చైనా (సింకోనా బెరడు మందు) అయితే రక్తమో విరేచనాలో పోయి వచ్చిన నీరసం, పొట్ట మొత్తం ఉబ్బరం. జెల్సీమియంలో కనురెప్పలు బరువెక్కి మత్తుగా ఉంటాడు. ఈ నాలుగూ పక్కన పెట్టుకోకుండా యాసిడ్‌ని ఖాయం చెయ్యొద్దు.

రెండో మెట్టు: మనసు ముందా, ఒళ్ళు ముందా

మొత్తం విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

యాసిడ్ ఫాస్‌లో ముందు మనసు చతికిలబడుతుంది, ఒళ్ళు తర్వాత. మ్యూర్ యాసిడ్‌లో ముందు ఒళ్ళు పడిపోతుంది, మనసు చాలాసేపు తెలివిగానే ఉండి చివర్లో మసకబారుతుంది. పాత వైద్యులందరూ ఈ జంటను ఇలాగే విడదీశారు, ఇప్పటికీ ఇంతకన్నా మంచి దారి లేదు.

యాసిడ్ ఫాస్ మనిషి వెనక కథ దాదాపు ఎప్పుడూ ఒకటుంటుంది. ప్రేమ బెడిసికొట్టడం, ఇంట్లో మనిషి పోవడం, ఊరు వదిలి దూరంగా ఉండాల్సి రావడం, లేదా చాలారోజులు సాగిన జ్వరం. అప్పుడే తగిలిన దెబ్బకి వెక్కి వెక్కి ఏడ్చే దశ ఇగ్నేషియా అనే మందుది, ఆ ఏడుపు కూడా ఎండిపోయి మొద్దుబారిన దశ యాసిడ్ ఫాస్‌ది. అడిగితే ఆగి ఆగి, ఒక్క ముక్కలో జవాబు చెప్తాడు. నడినెత్తిన బరువు పెట్టినట్టు ఉంటుంది, జుట్టు రాలుతుంది, రాత్రిళ్ళు మూత్రం ఎక్కువగా, ఒక్కోసారి పాలు కలిపినట్టు తెల్లగా వస్తుంది. రసం ఉన్న పళ్ళు, చల్లటి పానీయాలు కావాలంటాడు. ఒక చిన్న కునుకు తీస్తే తేలికపడతాడు. తొందరగా పొడుగెదిగిపోయి కాళ్ళెముకలు లాగుతున్నాయనే పిల్లలకి కూడా దీని పేరే చెప్తారు. ఒక విడ్డూరం గుర్తుపెట్టుకోండి: నీళ్ళలాంటి విరేచనాలు నొప్పి లేకుండా అవుతూనే ఉంటాయి, అయినా వాటివల్ల మనిషి అనుకున్నంతగా నీరసించడు. కుటుంబం మొత్తం నీరసానికి పేరుపడింది, అందులో ముందు వరసలో ఉన్న మందుకేమో విరేచనాలతో నీరసం రాదు. ఇలాంటి తిరకాసు లక్షణాలే కేసులో పనికొస్తాయి.

మ్యూర్ యాసిడ్ బొమ్మ వేరు. దీన్ని పాత టైఫాయిడ్ వార్డులో ఊహించుకోవాలి. రోగి మంచం మీద తలగడ నుంచి కాళ్ళవైపు జారిపోతుంటాడు, పక్కవాళ్ళు చంకల కింద చేతులు పెట్టి పైకి లాగి పడుకోబెడతారు, కాసేపటికి మళ్ళీ జారిపోతాడు. తలని తలగడ మీద నిలిపి ఉంచే సత్తువ కూడా ఉండదన్నమాట. కింది దవడ వేలాడుతుంది. నాలుక ఎండి, ముడుచుకుపోయి తోలుముక్కలా అవుతుంది, మాట్లాడాలంటే తిరగదు. మూత్రానికి కూర్చుంటే తెలియకుండా మలం కూడా వచ్చేస్తుంది. మొలలు ఉంటే అవి నీలంగా ఉబ్బి, పక్కదుప్పటి రాసుకున్నా ఓర్చుకోలేనంత నొప్పి. మాంసం పేరెత్తితే పడదు.

ఈ బొమ్మ ఇంత భయంకరంగా ఎందుకుందంటే, ఆ రోజుల్లో టైఫాయిడ్‌కి నేరుగా పనిచేసే మందు లేదు. హోమియో వైద్యాన్ని మొదలుపెట్టిన హానెమన్ 1843లో పోయాడు, టైఫాయిడ్‌కి క్లోరాంఫెనికాల్ వాడడం 1948లో మొదలైంది. మధ్యలో నూరేళ్ళ పైచిలుకు వైద్యులు మంచం పక్కన కూర్చుని రోగి ఏ తీరున కుంగిపోతున్నాడో చూసి రాసుకున్న వివరాలివి. చూపు నేర్చుకోవడానికి ఇవి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ ఇవాళ మీ ఇంట్లో ఎవరైనా అలా మంచం మీద జారిపోతూ, నాలుక ఎండి, మూత్రం మలం తెలియకుండా ఉంటే రెపర్టరీ (లక్షణాన్ని బట్టి మందు వెతికే పుస్తకం) కాదు తియ్యాల్సింది, 108కి ఫోన్ చెయ్యాలి.

మూడో మెట్టు: ఏం చేస్తే అలిసిపోతున్నాడో అడగండి

ఇంటర్ చదివే కుర్రాడు, హాస్టల్లో ఉంటాడు, అమ్మ తీసుకొచ్చింది అనుకుందాం. సంభాషణ ఇలా సాగుతుంది.

"వీడు ఊరికే పడుకుంటున్నాడండీ, పుస్తకం ముట్టుకోవడం లేదు."
"ఎప్పట్నుంచమ్మా?"
"దసరా సెలవుల నుంచండీ."
"ఏం నాయనా, చదవలేకపోతున్నావా, చదవాలని లేదా?"

ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే కేసు. "పుస్తకం తీసిన పది నిమిషాలకే తల వెనక పట్టేస్తుంది సార్, మెడ దాకా లాగుతుంది, వెన్నులో మంట, కాళ్ళు బరువు" అంటే పిక్రిక్ యాసిడ్ వైపు చూడాలి. వాడికి చదవాలనే ఉంది, బుర్ర సహకరించడం లేదు. తలకి గుడ్డ బిగించి కట్టుకుంటే హాయి అంటాడు. అలా కాకుండా "ఏమో సార్" అని కిటికీ వైపు చూస్తూ కూర్చుంటే, వెనక హాస్టల్ బెంగో ఇంకేదో కథో ఉంటే, అది యాసిడ్ ఫాస్. పరీక్షలనగానే పిక్రిక్‌ని విద్యార్థుల టానిక్‌లాగా రాసి పారెయ్యడం నాకు అస్సలు నచ్చదు. పిక్రిక్ కుర్రాడు అలసిపోయినవాడు, యాసిడ్ ఫాస్ కుర్రాడు ఆశ వదిలేసినవాడు. రెండోవాడి విషయంలో మందు కన్నా ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. తిండీ నిద్రా మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతుంటే వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

సల్ఫ్ యాసిడ్ మనిషి ఈ ఇద్దరిలా కూర్చోడు. నీరసంగా ఉంటూనే కంగారు. తినడం, నడవడం, రాయడం, అన్నీ గబగబా అయిపోవాలి, పక్కవాళ్ళు నెమ్మదిగా చేస్తే ఓపిక పట్టలేడు. లోపలంతా వణుకుతోందంటాడు, చెయ్యి చాపమంటే వణుకు కనపడదు. పుల్లటి వాంతులు, పళ్ళు పులిసిపోయేంత పుల్లటి తేన్పులు. పసిపిల్లల్లో అయితే ఎంత స్నానం చేయించినా ఒళ్ళు పులిసిన వాసన. ఏళ్ళ తరబడి తాగి తాగి పొట్ట పాడైనవాళ్ళకీ, నెలసరి ఆగే వయసులో ఒంట్లో ఆవిర్లు వచ్చి చెమటలు పట్టే ఆడవాళ్ళకీ దీన్ని తలుచుకుంటారు. నొప్పి వచ్చే తీరు గమనించండి: మెల్లగా పెరుగుతూ పెరుగుతూ వెళ్ళి ఠక్కున ఆగిపోతుంది. దెబ్బ తగిలి కమిలిన మచ్చ ఆర్నికా తర్వాత కూడా నల్లగా మిగిలిపోతే ఇది వాడతారు. దెబ్బే తగలకుండా కమిలిన మచ్చలు వస్తుంటే మాత్రం ముందు ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించాలి.

నాలుగో మెట్టు: నొప్పి ఎలా ఉంది, స్రావం ఎలా ఉంది

నైట్రిక్ యాసిడ్ దొరికేది ఇక్కడే. ముల్లు గుచ్చుకున్నట్టు నొప్పి. గొంతులో ముల్లు, పుండులో ముల్లు, మలద్వారం దగ్గర ముల్లు. చర్మమూ లోపలి పొరా కలిసేచోట్లంటే దీనికి మక్కువ, అంటే పెదవుల మూలలు, ముక్కు అంచు, మలద్వారం. అక్కడ పగుళ్ళు, పుండ్లు, తాకితే రక్తం. విరేచనం మెత్తగానే వచ్చినా తర్వాత గంటలకొద్దీ కోతలా నొప్పి ఉండి, మనిషి గదిలో పచార్లు చేస్తుంటాడు. మూత్రం గుర్రప్పాకలో వాసన వస్తుంది. కొవ్వు, ఉప్పు ఇష్టం. చలి పడదు. బండిలో వెళ్తుంటే మాత్రం హాయిగా ఉంటుందంటాడు, ఈ ఒక్క లక్షణం చిన్నదే కానీ అరుదుగా వినిపిస్తుంది, చెప్తే వదలకండి. మనసు సంగతి అడగాలంటే ఇంట్లోవాళ్ళని అడగండి: పగ పెట్టుకుంటాడు, క్షమించమని కాళ్ళు పట్టుకున్నా కరగడు, తన ఆరోగ్యం గురించి మాత్రం ఎప్పుడూ బెంగే. ఫాస్ మనిషి ఉదాసీనతకి ఇది పూర్తిగా వ్యతిరేకం, ఒకే కుటుంబం అయినా.

మూత్రం వాసన ఇంకో యాసిడ్‌ని కూడా గుర్తుచేస్తుంది. ముదురు గోధుమరంగులో, గదంతా నిండిపోయే దుర్వాసనతో, దానికి తోడు కీళ్ళ వాపులు ఉంటే బెంజోయిక్ యాసిడ్. మూత్రం పలచబడి తేటగా అయితే కీళ్ళనొప్పులు పెరుగుతాయని, మూత్రం చిక్కబడితే నొప్పులు తగ్గుతాయని రాస్తారు.

ఐదో మెట్టు: చలా, వేడా

ఇది ఒక్క నిమిషం పని. యాసిడ్లలో చాలావాటికి చలి గిట్టదు. ఫ్లోరిక్ యాసిడ్ తిరగబడ్డ బిడ్డ. దీనికి వేడి పడదు, చన్నీళ్ళతో ముఖం కడుక్కోవాలి, చల్లగాలి కావాలి. నీరసం బదులు ఎంత నడిచినా అలుపు రాని తత్వం కూడా దీనికే రాశారు. ఉబ్బిన కాళ్ళ నరాలు, ఎముక కుళ్ళు, పంటి చిగుళ్ళలో చీము కారే రంధ్రాలు, దురద పెట్టే పాత మచ్చలు, గోళ్ళు తొందరగా పెరగడం. మనసులో సొంతవాళ్ళంటే విముఖత, పైవాళ్ళతో బాగానే మాట్లాడతాడు. సైలీషియా అనే మందు పోలికలన్నీ ఉండి మనిషి మాత్రం వేడి తత్వం అయితే దీన్ని చూడమంటారు.

ఆరో మెట్టు: దాహం, సన్నబడడం కలిస్తే ముందు పరీక్ష

అసిటిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్, యాసిడ్ ఫాస్, ఈ మూడింటి కింద ఒకే మాటలు కనిపిస్తాయి: విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం, చిక్కిపోవడం, నీరసం. అసిటిక్‌లో ముఖం మైనంలా పాలిపోయి, కాళ్ళకి నీరు కూడా పడుతుంది. లాక్టిక్‌లో కీళ్ళనొప్పులు, గర్భిణులకి నోట్లో నీళ్ళూరి వికారం. పుస్తకంలో ఇవి మూడు మందులు. బయట అది చాలాసార్లు షుగర్ జబ్బు. పరగడుపున రక్తంలో చక్కెర 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 చేరితే షుగర్ కింద లెక్క. హీమోగ్లోబిన్ ఆడవాళ్ళలో 12, మగవాళ్ళలో 13 కన్నా తక్కువుంటే రక్తహీనత. థైరాయిడ్ కూడా చూడాలి. ఈ కాగితాలు చేతిలో లేకుండా నీరసం కేసు చూడడమంటే కళ్ళు మూసుకుని రోడ్డు దాటడమే. షుగరుకి యాసిడ్ ఫాస్ చుక్కలు వేసుకుంటున్నాం కదా అని ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక చిన్నవి. ఆక్సాలిక్ యాసిడ్‌లో నొప్పి గురించి తలుచుకుంటే చాలు మొదలవుతుంది, అదీ చిన్న చిన్న చోట్ల. కార్బాలిక్‌లో వాసన పసిగట్టే శక్తి మరీ ఎక్కువ, స్రావాలు కుళ్ళు వాసన. సాలిసిలిక్‌లో చెవుల్లో హోరు, తల తిరుగుడు. హైడ్రోసయానిక్ గురించి పరీక్ష కోసం చదువుకోండి చాలు. ఒళ్ళు నీలంగా మారి కుప్పకూలే స్థితి అది, ఆసుపత్రి తప్ప దారి లేదు.

ఏడో మెట్టు: సొంతంగా తయారుచేసే ఆలోచన పెట్టుకోకండి

ఈ మాట రాయాల్సి వస్తోందంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి. హానెమన్ ఫాస్ఫారిక్ యాసిడ్‌ని కాల్చిన ఎముకల మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి తీశాడని చదివి మనవాళ్ళకి ఉత్సాహం వస్తుంది. ఫ్లోరిక్ యాసిడ్‌కి మూలమైన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజునే తినేస్తుంది, ఒంటి మీద పడితే ఎముక దాకా దిగుతుంది. పిక్రిక్ యాసిడ్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లలో కూరిన పేలుడు పదార్థం. నైట్రిక్ యాసిడ్ ఆల్కహాల్‌తో కలిస్తే ప్రమాదం, అందుకే ఫార్మసీలో కూడా యాసిడ్ల మొదటి పొటెన్సీలు డిస్టిల్డ్ వాటర్‌తో చేసి, పైకి వెళ్ళాకే ఆల్కహాల్ వాడతారు. సీలు ఉన్న సీసా కొనుక్కోండి, లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తేదీ చూసుకోండి. 1ఎక్స్, 2ఎక్స్ లాంటి తక్కువ పొటెన్సీల్లో నిజంగానే యాసిడ్ ఉంటుంది, వాటిని పిల్లలకి అందనిచోట పెట్టండి, సొంత వైద్యం చెయ్యొద్దు.

ఎనిమిదో మెట్టు: నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి

ఒక్కో మందుకి పేజీ కాకుండా ఒక్కో ప్రశ్నకి పేజీ పెట్టండి. "నీరసం ఎక్కడ మొదలైంది" అనే పేజీలో ఫాస్, మ్యూర్, పిక్రిక్, సల్ఫ్ పక్కపక్కన. "నొప్పి ఎలా ఉంది" పేజీలో నైట్రిక్, సల్ఫ్, ఆక్సాలిక్, మ్యూర్. "మూత్రం" పేజీలో ఫాస్, నైట్రిక్, బెంజోయిక్. "చలి, వేడి" పేజీలో ఫ్లోరిక్ ఒకవైపు, మిగతావాటిలో చలి గిట్టనివి ఇంకోవైపు. "మనసు" పేజీలో పట్టించుకోని ఫాస్, పగపట్టే నైట్రిక్, తొందరపడే సల్ఫ్, ఇంట్లోవాళ్ళు గిట్టని ఫ్లోరిక్. అప్పుడు రోగి ఒక మాట అనగానే మీ కళ్ళ ముందు నాలుగు మందులు వరసగా నిలబడతాయి, ఒకదాని తర్వాత ఒకటి కొట్టేసుకుంటూ వెళ్ళొచ్చు.

మనవైపు చదువుకోవడానికి చోట్లు తక్కువేమీ లేవు. హైదరాబాద్ రామంతాపూర్‌లో, గుడివాడలో ప్రభుత్వ హోమియో కళాశాలలు ఉన్నాయి, రాజమండ్రి కళాశాలకైతే అల్లు రామలింగయ్య గారి పేరే పెట్టారు, ఆయన తెర మీద నవ్విస్తూనే హోమియో మందులూ ఇచ్చేవారు. వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల ఓపీలో వారానికి ఒక పూట కూర్చునే అవకాశం దొరికితే వదులుకోకండి. పాత కేసుషీటు ఒకటి తీసుకుని, కింద రాసిన మందు పేరు మీద చెయ్యి అడ్డుపెట్టి, ముందు నీరసం ఎక్కడ మొదలైందో మీరే చదివి తేల్చండి. ఆ తర్వాత చెయ్యి తీసి చూడండి. మీది వేరే మందు అయితే ఏ ప్రశ్న దగ్గర దారి విడిపోయిందో ఆ పేజీలో తేదీ వేసి రాసుకోండి.